చంద్రుడి ఆర్బిటర్‌కు శాస్త్ర లక్ష్యాలు రాయడం ఎలా

కాలేజీ బృందాలు పోటీలకో, ప్రాజెక్టులకో రాసే చంద్రయాత్ర ప్రతిపాదనల్లో మొదటి పేజీ దాదాపు ఒకేలా ఉంటుంది: చంద్రుడి ఖనిజాలను అధ్యయనం చేయడం, నీటి జాడ వెతకడం, ఉపరితలాన్ని ఫోటోలు తీయడం. ఇవి విషయాల పేర్లు మాత్రమే, లక్ష్యాలు కావు. ఏ కొలత వస్తే పని అయినట్టో, ఏ కొలత వస్తే మన ఊహ తప్పని తేలినట్టో చెప్పని వాక్యాన్ని పట్టుకుని పరికరాన్ని ఎంచుకోలేం. కక్ష్య ఎంత ఎత్తులో ఉండాలో తేల్చలేం. రోజుకు ఎంత డేటా దించుకోవాలో లెక్క కట్టలేం.

కాబట్టి పెద్ద కాగితం తీసుకుని ఒక్కో లక్ష్యానికి ఒక్కో అడ్డ వరుస గీయండి. అందులో ఆరు గడులు ఉండాలి: ప్రశ్న, కొలవాల్సిన భౌతిక రాశి, కావలసిన ఖచ్చితత్వం, పరికరం, కక్ష్యా వెలుతురూ, చివరగా ఆ కొలతను మోసం చేయగలిగేది ఏది. చాలామంది ఆరో గడిని వదిలేస్తారు. మా దృష్టిలో ప్రతిపాదన బలం తేలేది అక్కడే.

ప్రశ్నను చిన్నది చేయండి: నీటి ఉదాహరణ

"చంద్రుడిపై నీరుందా" అనేది ఒక్క ప్రశ్న కాదు, కనీసం మూడు. ఎండ పడే నేల మీద పలుచగా అంటుకున్న హైడ్రాక్సిల్ (ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ పరమాణువుల జత), నీటి అణువులు ఎన్ని? ధ్రువాల దగ్గర ఎప్పుడూ ఎండ పడని గోతుల్లో, పైపొర మీదే మంచు బయటపడి ఉందా? మట్టి కింద మీటరు, రెండు మీటర్ల లోతున మంచు పాతుకుని ఉందా? మూడింటికీ వేర్వేరు పరికరాలు కావాలి. ఒకదాని జవాబు మరొకదానికి పనికిరాదు.

మొదటి ప్రశ్నకు పరికరం పరారుణ స్పెక్ట్రోమీటర్, అంటే కంటికి కనిపించని పరారుణ కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి కొలిచేది. హైడ్రాక్సిల్, నీరు రెండూ 3 మైక్రాన్ల దగ్గర కాంతిని మింగుతాయి. 2008 అక్టోబర్ 22న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ11 మీద వెళ్లిన చంద్రయాన్-1లో నాసా పరికరం మూన్ మినరాలజీ మ్యాపర్ (ఎం3) ఈ పని చేసింది. 2.8 నుంచి 3.0 మైక్రాన్ల మధ్య ఆ మింగుడు గుర్తు కనిపించిందని 2009 సెప్టెంబర్‌లో ప్రకటించారు.

ఆ పరికరం కొలత సుమారు 3.0 మైక్రాన్ల దగ్గర ఆగిపోతుంది. ఇక్కడే రెండు చిక్కులు వచ్చాయి. మధ్యాహ్నపు చంద్రనేల దాదాపు 400 కెల్విన్‌కు వేడెక్కుతుంది. అంత వేడి నేల 2.5 మైక్రాన్లు దాటాక తనంతట తానే పరారుణ కాంతిని వెదజల్లుతుంది. ఆ వెలుగు సూర్యకాంతి ప్రతిఫలనంతో కలిసి, మింగుడు గుర్తును పూడ్చేస్తుంది. నేల ఉష్ణోగ్రతను కొంచెం తప్పుగా అంచనా వేసినా, నీరు ఉన్నచోట లేనట్టు, లేనిచోట ఉన్నట్టు లెక్క వస్తుంది. మధ్యాహ్నం నీరు నిజంగా తగ్గుతుందా, లేక ఉష్ణ సవరణలో లోపమా అని శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వాదించుకున్నది ఇందుకే. రెండో చిక్కు: 3 మైక్రాన్ల దగ్గర హైడ్రాక్సిల్‌నూ నీటి అణువునూ విడదీసి చెప్పడం కష్టం. నీటి అణువు ఒక్కదానికే చెందిన గుర్తు 6 మైక్రాన్ల దగ్గర ఉంది. విమానంలో అమర్చిన సోఫియా టెలిస్కోప్ క్లావియస్ బిలం దగ్గర దాన్ని పట్టుకుందని 2020 అక్టోబర్‌లో ప్రకటించారు.

చంద్రయాన్-2 ఆర్బిటర్‌లోని పరారుణ స్పెక్ట్రోమీటర్ ఐఐఆర్ఎస్ పరిధి 0.8 నుంచి 5.0 మైక్రాన్ల వరకు ఉంది. 3 మైక్రాన్లు దాటిన భాగంలో నేల వేడి వల్ల వచ్చే కాంతి బాగా కనిపిస్తుంది. దాంతో ఉష్ణోగ్రతను అదే పరికరంతో కొలిచి, అదే వర్ణపటంలోంచి తీసేయవచ్చు. అంటే ఈ వరుసలో రాయాల్సిన లక్ష్యం "నీటిని వెతకడం" కాదు. "3 మైక్రాన్ల మింగుడు లోతును, ఉష్ణ సవరణ తర్వాత, ఒకే ప్రాంతంలో ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం కొలిచి, తేడా సవరణ లోపం కన్నా ఎక్కువో కాదో తేల్చడం" అని రాయాలి. ఇలా రాయగానే పరికరం 3 మైక్రాన్ల దగ్గర ఆగకూడదనీ, ఒకే చోటును కనీసం మూడు వెలుతురుల్లో చూడాలనీ వాటంతట అవే తేలిపోతాయి.

రెండో ప్రశ్న దగ్గర పరారుణ స్పెక్ట్రోమీటర్‌కు వెలుతురే ఉండదు. చంద్రుడి అక్షం వంపు 1.5 డిగ్రీలే కాబట్టి ధ్రువాల గోతుల అడుగున సూర్యుడు ఉదయించడు. గోతి అంచుల మీద పడి లోపలికి చెదిరిన కాస్త కాంతితోనే మంచు గుర్తులు పట్టవచ్చని ఎం3 పాత డేటా మీద 2018లో వచ్చిన విశ్లేషణ చూపింది. అయితే అంత మసక వెలుతురులో సంకేతం గోల (నాయిస్) నుంచి బయటపడాలంటే డిటెక్టర్ సున్నితత్వం ఎండలోని నేలకు కావలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఉండాలి. ఆ అంకెను మూడో గడిలో రాయకుండా "శాశ్వత నీడ ప్రాంతాలను పరిశీలిస్తాం" అని రాస్తే ఖాళీ ఫ్రేములు తప్ప ఏమీ రావు.

ఆరో గడి: మోసం చేసేవి

మూడో ప్రశ్నకు, అంటే కింద పాతుకున్న మంచుకు, రాడార్‌నో న్యూట్రాన్ డిటెక్టర్‌నో పెడతారు. రెండింటికీ తమవైన మాయలున్నాయి.

రాడార్ వృత్తాకార ధ్రువణంలో, అంటే ఒకే దిశలో తిరుగుతూ సాగేలా, తరంగాన్ని పంపి, తిరిగొచ్చిన దానిలో పంపిన తిప్పుడు ఎంత, వ్యతిరేక తిప్పుడు ఎంత అని నిష్పత్తి కడుతుంది. శుద్ధమైన మందపాటి మంచు మీద ఆ నిష్పత్తి 1 దాటుతుంది. బండరాళ్లు చిందరవందరగా పడి ఉన్న కొత్త బిలంలోనూ 1 దాటుతుంది. చంద్రయాన్-1లోని మినీ-సార్ రాడార్ ఉత్తర ధ్రువం దగ్గర 40కి పైగా చిన్న బిలాల్లో, లోపల నిష్పత్తి ఎక్కువగా, అంచు బయట మామూలుగా ఉందని చూపింది. కొత్త బిలమైతే రాళ్లు బయట కూడా చెల్లాచెదురుగా ఉంటాయి కాబట్టి, లోపల మాత్రమే పెరిగితే అది మంచు కావచ్చని వాదన. బయటి రాళ్లు కాలక్రమంలో పొడైపోయి, లోపలివి మాత్రం గోడల నుంచి మళ్లీ మళ్లీ రాలుతూ ఉండవచ్చని ఎదురువాదన. ఒక్క తరంగదైర్ఘ్యంతో, పరిమిత ధ్రువణాలతో ఈ తగువు తీరదు. అందుకే చంద్రయాన్-2 రాడార్‌ను ఎల్, ఎస్ బ్యాండ్లు రెండింటితో, పూర్తి ధ్రువణాలతో తయారుచేశారు. ఎల్ బ్యాండ్ తరంగం సుమారు 24 సెం.మీ., ఎస్ బ్యాండ్ సుమారు 12 సెం.మీ. పొడి మట్టిలో రాడార్ దూరగలిగే లోతు తరంగదైర్ఘ్యానికి సుమారు పది రెట్లు అనుకోవచ్చు. రాళ్ల పరిమాణాన్ని బట్టి రెండు బ్యాండ్ల స్పందన మారుతుంది కాబట్టి, రెండింటినీ పోల్చితే రాళ్లో మంచో చెప్పే అవకాశం పెరుగుతుంది.

న్యూట్రాన్ డిటెక్టర్ హైడ్రోజన్‌ను చూస్తుంది, నీటిని కాదు. సౌరగాలి మట్టిలో నాటిన హైడ్రోజన్ కూడా అదే సంకేతం ఇస్తుంది. దాని చూపు కూడా బాగా మసక. అడ్డుతెరలు లేని డిటెక్టర్ ఒక్కో కొలతలో తన ఎత్తుకు దాదాపు ఒకటిన్నర రెట్ల వెడల్పున నేలను కలిపేసి చూస్తుంది. 30 కి.మీ. ఎత్తు నుంచి అది 45 కి.మీ. దక్షిణ ధ్రువం దగ్గరి షాకిల్టన్ బిలం వెడల్పు 21 కి.మీ. మాత్రమే. అంటే "షాకిల్టన్‌లో హైడ్రోజన్ ఎంత" అనే లక్ష్యాన్ని ఆ పరికరం 30 కి.మీ. నుంచి కూడా తీర్చలేదు. "ధ్రువ ప్రాంతంలో సగటున ఎంత" అనేదాన్ని తీర్చగలదు. లక్ష్యాన్ని పరికరం చూపుకు తగ్గట్టు కుదించడంలో చిన్నతనం ఏమీ లేదు.

కక్ష్య లెక్క: ఇది మీరే వేయాలి

చంద్రుడి వ్యాసార్థం 1737.4 కి.మీ., గురుత్వ పరామితి (జీఎం) 4902.8 (కి.మీ.ల ఘనాన్ని సెకన్ల వర్గంతో భాగించిన ప్రమాణంలో). 100 కి.మీ. వృత్తాకార కక్ష్యకు ఒక చుట్టు 117.8 నిమిషాలు. నేల మీద నౌక జాడ సెకనుకు 1.54 కి.మీ. కదులుతుంది. ఈ రెండు అంకెల నుంచే మిగతావన్నీ వస్తాయి.

ధ్రువ కక్ష్యలో నౌక తిరుగుతుండగా కింద చంద్రుడు 27.32 రోజులకు ఒకసారి తన చుట్టూ తాను తిరుగుతాడు. ఒక చుట్టుకు, మరుసటి చుట్టుకు మధ్య భూమధ్యరేఖ లాంటి చంద్ర మధ్యరేఖ మీద జాడ 32.7 కి.మీ. జరుగుతుంది. చంద్రయాన్-1 టీఎంసీ కెమెరా పట్టీ వెడల్పు 20 కి.మీ. అంటే మధ్యరేఖ దగ్గర ప్రతి రెండు పట్టీల మధ్యా 12 కి.మీ.కు పైగా ఖాళీ మిగులుతుంది. అక్షాంశం పెరిగేకొద్దీ జాడలు దగ్గరవుతాయి. దాదాపు 52 డిగ్రీలు దాటాక పట్టీలు ఒకదాని మీద ఒకటి పడతాయి.

"ఖాళీలు వచ్చే నెల నిండుతాయిలే" అనుకుంటే బోల్తా పడతారు. 27.32 రోజుల్ని 117.8 నిమిషాలతో భాగిస్తే 334 వస్తుంది, దాదాపు పూర్తి సంఖ్య. కక్ష్య సగటు ఎత్తు సరిగ్గా 100 కి.మీ. దగ్గర నిలిస్తే, వచ్చే నెల జాడలు పాత జాడల మీదే పడతాయి, ఖాళీలు ఖాళీలుగానే ఉంటాయి. సగటు ఎత్తును 2 కి.మీ. మార్చితే నెల చివరికి జాడ దాదాపు 18 కి.మీ. పక్కకు జరుగుతుంది. అంత చాలు. "చంద్రుడి మొత్తం పటం" అని లక్ష్యం రాసేవాళ్లు ఈ ఎత్తు సవరణను, దానికయ్యే ఇంధనాన్ని ప్రణాళికలో చూపాలి.

ఎత్తు పెంచితే? పట్టీ వెడల్పు, పిక్సెల్ పరిమాణం రెండూ అదే నిష్పత్తిలో పెరుగుతాయి. 2009 మే 19న చంద్రయాన్-1ను 200 కి.మీ.కు ఎత్తినప్పుడు 5 మీటర్ల పిక్సెల్ 10 మీటర్లయింది, 20 కి.మీ. పట్టీ 40 కి.మీ. అయింది. ప్రపంచ పటం లక్ష్యానికి అది లాభం, చిన్న బిలాల లెక్కింపుకు నష్టం. రెండు లక్ష్యాలూ ఒకే ప్రతిపాదనలో ఉంటే ఏది ముందో తేల్చి రాయండి.

తక్కువ ఎత్తు మీద ఆశ పెట్టుకునేవాళ్లు చంద్రుడి గురుత్వాన్ని మరిచిపోకూడదు. లావా మైదానాల కింద ఉన్న బరువైన ముద్దలు, అంటే మాస్కాన్లు, కక్ష్యను లాగి వంకర చేస్తాయి. అపోలో 16 వదిలిన చిన్న ఉపగ్రహం 1972లో 35 రోజులకే చంద్రుడి మీద కూలిపోయింది. నాసా చంద్ర ఆర్బిటర్ ఎల్ఆర్ఓ మొదట 50 కి.మీ. వృత్తాకార కక్ష్యలో పటాలు తీసి, ఇంధనం ఆదా కోసం 2011 డిసెంబర్‌లో దక్షిణ ధ్రువం మీద సుమారు 30 కి.మీ., ఉత్తరం మీద సుమారు 200 కి.మీ. ఉండే స్థిరమైన కక్ష్యకు మారింది. 50 కి.మీ. నుంచి అర మీటరు పిక్సెల్ ఇచ్చే కెమెరా 200 కి.మీ. నుంచి 2 మీటర్లే ఇస్తుంది. దక్షిణ ధ్రువ లక్ష్యాలు మెరుగై, ఉత్తర లక్ష్యాలు తగ్గాయి.

వెలుతురు

ఎత్తుపల్లాలు కనిపించాలంటే సూర్యుడు వాలి ఉండాలి, నీడలు పొడవుగా పడాలి. ఖనిజాల వర్ణపటానికి సూర్యుడు నెత్తిమీద ఉండాలి, నీడలు ఉండకూడదు. ధ్రువ కక్ష్య తలం నక్షత్రాలతో పోలిస్తే దాదాపు కదలదు. భూమి, చంద్రుడు కలిసి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల సూర్యుడి దిశ మాత్రం రోజుకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున మారుతుంది. కాబట్టి నౌక కింద మిట్టమధ్యాహ్నం ఉన్న రోజు నుంచి మూడు నెలలకు అది ఉదయ సాయంత్రాల సరిహద్దు మీద ఎగురుతుంది, ఇంకో మూడు నెలలకు మళ్లీ మధ్యాహ్నం వస్తుంది. స్పెక్ట్రోమీటర్‌కు మంచి కాలం ఆరు నెలలకోసారి వచ్చే కొన్ని వారాలే. ఏడాది నౌకలో ఇలాంటి కాలాలు రెండే ఉంటాయి. మొదటిదాన్ని పరికరాల పరీక్షలకు ఖర్చుపెడితే ఒక్కటే మిగులుతుంది.

సూర్యుడు కక్ష్య తలంలో ఉన్న ఆ మధ్యాహ్నపు కాలంలోనే నౌక ప్రతి చుట్టులో సుమారు 46 నిమిషాలు నీడలో గడుపుతుంది. అదే సమయంలో కింద కాలుతున్న నేల నుంచి వేడి కూడా ఎక్కువగా తగులుతుంది. ఖనిజ శాస్త్రానికి మంచి వారాలే బ్యాటరీకీ, ఉష్ణ నియంత్రణకీ గడ్డు వారాలు.

ఎక్స్-రే పరికరాలకు సూర్యుడి మూడ్ కావాలి

నేలలోని మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, కాల్షియం, ఇనుము సూర్యుడి ఎక్స్-కిరణాలు తగిలినప్పుడు తమ తమ శక్తుల వద్ద మెరుస్తాయి: వరుసగా 1.25, 1.49, 1.74, 3.69, 6.40 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. నిశ్శబ్దంగా ఉన్న సూర్యుడు మొదటి మూడింటిని మాత్రమే కాస్త మెరిపించగలడు. ఇనుము మెరవాలంటే గట్టి సౌరజ్వాల కావాలి. చంద్రయాన్-1లోని సీ1ఎక్స్ఎస్ పరికరం 2008-09లో, సూర్యుడు అసాధారణంగా మౌనంగా ఉన్న రోజుల్లో పనిచేసింది. పరికరం బాగానే ఉంది, దీపం వెలగలేదు. లక్ష్యంలో "ఇనుము పటం" అని రాసేముందు ప్రయోగ సంవత్సరం 11 ఏళ్ల సౌరచక్రంలో ఎక్కడ పడుతుందో చూడండి.

ఇంకో షరతు: నేల మెరుపును మూలకాల శాతంగా మార్చాలంటే ఆ క్షణంలో సూర్యుడి నుంచి పడిన వర్ణపటం తెలియాలి. చంద్రయాన్-2లో క్లాస్ అనే ఎక్స్-రే పరికరం నేలను చూస్తుంటే, ఎక్స్ఎస్ఎం అనే మరో పరికరం సూర్యుణ్ని చూస్తుంది. రెండోది లేకపోతే మొదటిదాని అంకెలకు కొలబద్ద లేదు. ఖర్చు తగ్గించాలని ఈ చిన్న పరికరాన్ని కొట్టేయకండి.

డేటా లెక్క

చంద్రయాన్-2లోని ఓహెచ్ఆర్‌సీ కెమెరా 100 కి.మీ. నుంచి 0.25 మీటరు పిక్సెల్‌తో 3 కి.మీ. వెడల్పు పట్టీని తీస్తుంది. అంటే వరుసకు 12,000 పిక్సెళ్లు. జాడ వేగం సెకనుకు దాదాపు 1,545 మీటర్లు కాబట్టి సెకనుకు 6,180 వరుసలు. ఒక్కో వరుసకు కెమెరాకు దొరికే సమయం సెకనులో ఆరువేలవ వంతు. అందుకే ఒకే నేలను వరుసగా అనేక డిటెక్టర్ వరుసలతో చూసి కాంతిని కూడబెట్టే టీడీఐ డిటెక్టర్ కావాలి. పిక్సెల్‌కు 10 బిట్లు అనుకుంటే సెకనుకు దాదాపు 740 మెగాబిట్లు పుడతాయి. డౌన్‌లింక్, అంటే నౌక నుంచి భూమికి డేటా దించే వేగం, సెకనుకు 8 మెగాబిట్లు అనుకోండి. కుదింపు లేకుండా ఒక్క నిమిషం చిత్రాన్ని దించడానికి గంటన్నర పడుతుంది. ఆ నిమిషంలో పట్టిన నేల 280 చదరపు కి.మీ. లోపు. చంద్రుడి మొత్తం వైశాల్యం 3.79 కోట్ల చదరపు కి.మీ.

కాబట్టి ఇలాంటి కెమెరాతో రాయాల్సిన లక్ష్యం ఎంపిక చేసిన స్థలాల జాబితా: అక్షాంశ రేఖాంశాలతో, ప్రాధాన్య క్రమంలో. ల్యాండింగ్ స్థలాల కోసమైతే ఏ పరిమాణం బండ ప్రమాదమో ముందు రాయండి. బండను నమ్మకంగా గుర్తించడానికి అడ్డంగా మూడు నాలుగు పిక్సెళ్లు కావాలి. 0.25 మీటరు పిక్సెల్‌తో అది సుమారు ఒక మీటరు బండ.

వరుసలను క్రమంలో పెట్టడం

రెండేళ్లకని వెళ్లిన చంద్రయాన్-1లో నక్షత్ర సెన్సార్లు పాడయ్యాయి, వేడి ఇబ్బంది పెట్టింది, 312 రోజులకు 2009 ఆగస్టు 29న సంబంధాలు తెగిపోయాయి. అయినా అది శాస్త్రానికి ఎంతో ఇచ్చింది. దీన్ని దృష్టిలో పెట్టుకుని ప్రతి లక్ష్యానికి రెండు గీతలు గీయండి: కనీసం ఇంత వస్తే చాలు, పూర్తిగా అంటే ఇంత. కనీస గీతను మొదటి మంచి వెలుతురు కాలంలోనే దాటేలా సమయపట్టిక అమర్చండి. పదే పదే కొలవాల్సినవి, గురుత్వంలాగా ఎక్కువ కాలం కోరేవి వెనక్కి జరపండి. నౌక ఊహించిన దానికన్నా ఎక్కువ కాలం బతికితే చేసే పనులకూ ఒక పేజీ ఉంచండి. ఏడాదికని రూపొందించిన చంద్రయాన్-2 ఆర్బిటర్ ఏళ్ల తరబడి పనిచేసింది.

ఇక చివరి పరీక్ష. రాసిన లక్ష్యం ఇప్పటికే తీరిపోయిందేమో చూడండి. చంద్రయాన్-2 డేటా ఇస్రో ప్రదాన్ పోర్టల్‌లో నమోదు చేసుకుంటే దొరుకుతుంది. ఎల్ఆర్ఓ డేటా నాసా ప్లానెటరీ డేటా సిస్టమ్‌లో ఉచితం. మీరు వెతుకుతున్న రకం బిలం, పగులు, లావా అంచు ఉన్న ఎల్ఆర్ఓ అర మీటరు చిత్రాన్ని దించుకోండి. దాన్ని మీ కెమెరా పిక్సెల్ పరిమాణానికి సగటు కట్టి తగ్గించండి, మీ డిటెక్టర్‌కు తగినంత గోల కలపండి, సూర్యుడి ఎత్తు మీ కక్ష్యలో ఉండేంత ఉన్న చిత్రాన్నే ఎంచుకోండి. ఆ చిత్రాన్ని అసలు జవాబు తెలియని మరొకరికి ఇచ్చి గుర్తించమనండి. పదింటిలో ఎన్ని పట్టుకున్నారో ఆ అంకెను మూడో గడిలో రాయండి. సగం కూడా పట్టలేకపోతే ఎత్తు తగ్గించాలో, కటకం పెంచాలో, ప్రశ్న మార్చాలో ఇప్పుడే తేల్చుకోండి. పరికరం బరువు, విద్యుత్ అంచనాలు మొదలుపెట్టేది ఆ తర్వాతే.